పరదా వెనక ఎవరున్నారు?

బక్రీద్ మర్నాడు తాడేపల్లిగూడెంలో మా భయ్యా ఇంట్లో ఉన్నాం. దావత్ అయిపోయింది. మగవాళ్ళంతా వరండాలో నడుం వాల్చారు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న భయ్యా కూతురు లాప్‌టాప్ తెచ్చి నా పక్కన కూర్చుంది.

"చిచ్చా, మా కాలేజీ ప్రాజెక్టు చూస్తారా?"

నల్లటి తెర. దాని మీద తెల్లటి చుక్కలు, చుక్కల్ని కలుపుతూ సన్నటి గీతలు. మనిషి ఆకారం అని తెలుస్తోంది, అంతే. ముఖం లేదు, ఒళ్ళు లేదు, బట్టలు లేవు. ఆ చుక్కలు డాన్స్ చేస్తున్నాయి. చేయి తిప్పిన చోటల్లా వెలుగు తోకలా సాగి మెల్లగా ఆరిపోతోంది.

"ఎవరో చెప్పండి చూద్దాం" అంది.

నేను నిమిషం కూడా చూడలేదు. చేయి పైకెత్తే ముందు ఎడమ భుజం ఒక్క రవ్వ ముందుగా లేస్తోంది. అది మా అమ్మీ అలవాటు. తల మీద కొంగు సర్దుకునేటప్పుడు అమ్మీ భుజం అలాగే లేచేది. అల్లాహ్ ఆమెకు జన్నత్ నసీబ్ చేయుగాక. దాదీ నుంచి ఈ పిల్లకు వచ్చింది.

"నువ్వే" అన్నాను.

పిల్ల ముఖం పాలిపోయింది. "ఏమీ కనబడకుండా చేశాను కదా చిచ్చా! చుక్కలే కదా ఉన్నాయి. ఎలా పట్టుకున్నారు? అబ్బాకి మాత్రం చెప్పకండి."

ఆడపిల్లల నాచ్ గానా అంటే మా భయ్యాకు పడదు. మా ఇంట్లో ఆ మాటే ఎత్తరు. అందుకే ఈ పిల్ల తన ఒంటిని ఇంట్లో వదిలేసి, కదలికను మాత్రం స్టేజీ మీదకు పంపే ఉపాయం వెతుక్కుంది. కాలేజీ ఫంక్షన్ రోజు తను తెర వెనక ఆడుతుంది. కెమెరా ముందు నిలబడితే కంప్యూటర్ ఒంట్లోని 33 చోట్లను, అంటే భుజం, మోచేయి, మణికట్టు, మోకాలు, మడమ లాంటి వాటిని, గుర్తుపట్టి చుక్కలుగా పెద్ద తెర మీద వేస్తుంది. జనానికి కనిపించేది ఆ చుక్కల మనిషే. దీన్ని మోషన్ క్యాప్చర్ అంటారు. కదలికను పట్టుకోవడం.

"ఇది తప్పా చిచ్చా?" అని కూడా అడిగింది. నేను ఆలిమ్‌ని కాను, ఫత్వాలు నా పని కాదు. కానీ ఇరవై ఏళ్ళుగా అఖ్బార్లో పనిచేస్తున్నవాణ్ణి, తారీఖ్ అంటే ఇష్టమున్నవాణ్ణి. మనిషిని వెనక ఉంచి కదలికను ముందుకు పంపే ఈ హునర్ కొత్తది కాదని నాకు తెలుసు. దీని ఒక కొస మా ఇంట్లోనే ఉంది.

దాదా ఖాతా పుస్తకం

మా దాదాను గూడెంలో లైట్ల సాయిబు అనేవారు. పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చే దుకాణం ఆయనది. షాదీలు, ఉర్సులు, జాతరలు, నాటకాలు, దేనికైనా లైటు వెళ్ళాలి. లైటు వెంట మనిషీ వెళ్ళాలి. గంటకోసారి పంపు కొట్టాలి, మాంటిల్ రాలిపోతే కొత్తది కట్టాలి. మా అబ్బా పన్నెండేళ్ళప్పటి నుంచి ఆ పనికి వెళ్ళేవారు. కొల్లేరు లంక గ్రామాలకైతే ఆకివీడు దాకా బండి, అక్కడి నుంచి తాటి దోనె. దోనె ఊగితే గాజు చిమ్నీ పగులుతుందని లైటును ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడినని చెప్పేవారు.

అబ్బా చెప్పిన ఖిస్సాల్లో ఎక్కువగా వచ్చేది తోలుబొమ్మలాట. ఆయన ఎన్నో ఆటలు చూశారు, కానీ ఒక్కటీ ముందు నుంచి చూడలేదు. లైటు తెర వెనక ఉంటుంది కాబట్టి లైటు కుర్రాడూ వెనకే ఉండాలి.

ముందు కూర్చున్న జనానికి తెల్లగుడ్డ మీద రంగురంగుల సీత కనిపిస్తుంది. వెనక అబ్బాకి కనిపించింది గజ్జెలు కట్టుకున్న ఒక ముసలాయన. బొమ్మకు నడుమ నిలువుగా ఒక బద్ద, చేతులకు వేరే పుల్లలు. వాటిని పట్టుకుని బొమ్మ ఎలా అడుగేయాలో తనే అలా అడుగేసేవాడట. కాళ్ళ కింద చెక్క పలక. యుద్ధం వస్తే దాని మీద దడదడా తొక్కేవాడు. పక్కన ఆయన ఇంటి ఆడవాళ్ళు, ఒకామె చంటిపిల్లను ఒళ్ళో వేసుకునే సీత గొంతు పలికేదట. బొమ్మను తెరకు ఆనిస్తే గీత పదునుగా పడుతుంది. లైటు వైపు జరిపితే నీడ పెరిగి మసకబారుతుంది. రాక్షసులు తెర మీద పెరిగి పెద్దవడం అలాగే. "పెట్రోమాక్స్ కంటే ఆముదం దీపమే మేలు, మంట ఊగితే బొమ్మ ఊపిరి తీసినట్టుంటుంది" అని ఆ ముసలాయన దాదాతో వాదించేవాడట. దాదాకు కోపం వచ్చేది. ఆయన రోజీ పెట్రోమాక్స్ మీద కదా.

మన వైపు తోలుబొమ్మలు చిన్నవి కావు. అయిదారడుగుల బొమ్మలూ ఉంటాయి. మేక తోలును పలచగా, వెలుగు దూరేలా సాపు చేసి, రెండు వైపులా రంగు వేసి, నగల చోట సన్నటి చిల్లులు కొడతారు. భుజం, మోచేయి, మెడ లాంటి కీళ్ళ దగ్గర ముక్కల్ని దారంతో కలుపుతారు. నాట్యం చేసే బొమ్మకు కీళ్ళు ఎక్కువ. ఇప్పుడు మా పిల్ల లాప్‌టాప్‌లోని చుక్కల మనిషిని తలుచుకోండి. మనిషంటే కొన్ని కీళ్ళు, వాటి మధ్య బద్దలు. కీలు ఎక్కడుందో తెలిస్తే చాలు, మిగతాది కన్ను నింపుకుంటుంది. తోలు కోసిన కారీగర్లకు ఈ ఇల్మ్ ఎప్పుడో తెలుసు.

నేను డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివాను. పాల్కురికి సోమనాథుడి 'పండితారాధ్య చరిత్ర'లో తెర మీద బొమ్మలాడించే ప్రస్తావన ఉందని మా లెక్చరర్ చెప్పినప్పుడు, ఏడొందల ఏళ్ళ కింద కూడా ఎవరో ఒక కుర్రాడు వెనక దీపం పట్టుకుని కూర్చుని ఉంటాడనిపించింది.

ఇంకో సంగతి. ఈ బొమ్మలాట వాళ్ళలో చాలామంది ఆరె వాళ్ళు. ఇంట్లో ఒక రకం మరాఠీ మాట్లాడతారు, తెర దగ్గర అచ్చ తెలుగు పలుకుతారు. ఇంట్లో ఒక జబాన్, బజార్లో ఒక జబాన్. మనకు తెలియని బతుకేం కాదు. రాత్రంతా రామాయణం ఆడి, పొద్దున్నే వేరే భాషలో పిల్లల్ని నిద్రలేపేవాళ్ళు.

దాదా ఖాతా పుస్తకం ఇంకా మా ఇంట్లో ఉంది. సగం ఉర్దూ, సగం తెలుగు అంకెలు. అందులో "బొమ్మలాట, 2 లైట్లు" అని చాలా చోట్ల ఉంది. ఊరి పేరు ఉంది, బాకీ ఉంది. ఆ ముసలాయన పేరు ఎక్కడా లేదు. అబ్బాను అడిగితే, "బొమ్మలాయన అనేవాళ్ళం బేటా" అన్నారు. ఎన్నో రాత్రులు రెండు గజాల దూరంలో కూర్చుని చూసిన మనిషి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 2020లో అనంతపురం వైపు నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చిన రోజు వార్త చదువుతూ నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఖాళీయే.

ఖయాల్ అనే మాట

ఉర్దూ మీడియంలో చదివినవాళ్ళకు ఖయాల్ అంటే ఊహ, ఆలోచన. అరబ్బీలో నీడలాటను 'ఖయాల్ అల్ జిల్' అంటారు. నీడ ఖయాల్ అన్నమాట. కాగితం గుడారం లోపల దీపం పెడితే వేడి గాలికి గుండ్రంగా తిరుగుతూ బొమ్మల నీడలు చూపించే లాంతరు 'ఫానూసే ఖయాల్'. ఖయ్యాం రుబాయిల్లో దునియాను దానితో పోల్చాడు.

మనవాళ్ళు వెలుతురును ఆటగానే కాదు, ఇల్మ్‌గా కూడా చూశారు. బస్రాలో పుట్టి ఖైరోలో బతికిన ఇబ్న్ అల్ హైథమ్ వెయ్యేళ్ళ కింద 'కితాబుల్ మనాజిర్' ఏడు భాగాలుగా రాశాడు. చూపు కంటి నుంచి బయటకు పోదు, వస్తువు నుంచి వెలుగు కంటిలోకి వస్తుందని వాదించాడు. చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వెలుగు ఎలా వస్తుందో పరీక్షలు చేశాడు. కెమెరా అనే మాటకు లాటిన్‌లో మూలార్థం గది. మనం ఇంట్లో వాడే 'కమరా' కూడా పోర్చుగీసు మీదుగా అదే మూలం నుంచి వచ్చింది.

అదే ఖైరోలో 13వ శతాబ్దంలో ఇబ్న్ దానియాల్ ఉండేవాడు. మోసుల్‌లో పుట్టాడు, వృత్తి కంటి వైద్యం. ఆయన రాసిన మూడు నీడ నాటకాలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. పగలు కళ్ళకు మందు వేసి, రాత్రి ఆ కళ్ళకు సాయాల తమాషా చూపించాడు.

సుల్తాన్ సలాహుద్దీన్ గురించి ఒక ఖిస్సా ఉంది. ఆయన తన వజీర్ ఖాజీ అల్ ఫాజిల్‌ను నీడలాటకు కూర్చోబెడితే ఖాజీ లేచి వెళ్ళబోయాడట. ఇది హరాం అంటే మేమూ లేస్తాం అన్నాడట సుల్తాన్. ఖాజీ ఆగి చివరిదాకా చూశాడు. ఎలా ఉందని అడిగితే, రాజ్యాలు వస్తూ పోతూ ఉండటం చూశాను, పరదా చుట్టేశాక చూస్తే అన్నిటినీ ఆడించింది ఒక్కడే అని చెప్పాడట. సూఫీలు ఈ మాటలో తౌహీద్‌ను చూశారు. ఇబ్న్ అరబీ కూడా నీడ తెరను ఉదాహరణగా తీసుకున్నాడు.

నేను అందులో ఇంకో చిన్న మాట కూడా వింటాను. పరదా చుట్టాక వెనక్కి తొంగి చూసే అలవాటు మంచిది. అబ్బా చూసింది కూడా అదే.

కాళ్ళతో గీసిన సింహం

ఏలూరు నుంచి కైకలూరు మీదుగా కొల్లేరు దాటి, గుడివాడ, పామర్రు పోతే కూచిపూడి. గోల్కొండ ఆఖరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషా మచిలీపట్నం వైపు వచ్చినప్పుడు వీళ్ళ ఆట చూసి మురిసిపోయి ఆ ఊరిని అగ్రహారంగా రాసిచ్చాడని కూచిపూడి సంప్రదాయం చెప్పుకుంటుంది. 1670ల చివరి మాట. ఒక ముసల్మాన్ బాద్‌షా కళాకారుల పేర కాగితం రాసిచ్చాడు అన్నది ఇక్కడ నాకు ముఖ్యం. పేరు కాగితం మీదకెక్కితే ఊరు నిలబడింది.

కూచిపూడిలోనూ పరదా ఉంది. భామాకలాపంలో సత్యభామ ఒక్కసారిగా కనబడదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. ముందుగా ఆమె జడ తెర మీద నుంచి బయటకు వస్తుంది. నాతో పోటీకి వచ్చేవాళ్ళున్నారా అని సవాలు. ఆ జడ వేసింది చాలా కాలం మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా వస్తే జనం మగ ఒంటిని మరిచి భామనే చూసేవారు. ఒళ్ళు ఒకటి, కదలిక ఇంకొకటి. దీనికి ఏ మిషనూ అక్కర్లేకపోయింది.

ఇక మా పిల్ల ప్రాజెక్టుకు అసలు తాత 'సింహనందిని'. నేల మీద రంగు పొడి పరిచి, పైన గుడ్డ పరుస్తారు. నర్తకి దాని మీద తాళం తప్పకుండా ఆడుతుంది. సింహనందనం అనే ఆ తాళం ఒక ఆవర్తం 128 అక్షరాలు. ఆట అయ్యాక గుడ్డ ఎత్తి చూపిస్తే దాని మీద సింహం బొమ్మ ఉంటుంది. పాదాలతో గీసిన సింహం. ఇలాగే 'మయూర కౌత్వం'లో నెమలి వస్తుంది. అంటే కదలిక పోయాక కూడా దాని నిషాన్ మిగులుతుంది. మోషన్ క్యాప్చర్ చేసేది కూడా ఇదే కదా.

ఈ చిత్ర నాట్యాలను 20వ శతాబ్దంలో మళ్ళీ వేదిక మీదకు తెచ్చినవారు కూచిపూడి గురువు సి.ఆర్. ఆచార్యులు. అహ్మదాబాద్‌లోని దర్పణలో నేర్పారు. వీటికి మూలం గుళ్ళలో నాట్యం చేసిన ఆడవాళ్ళ దగ్గర ఉందంటారు. మన గోదావరి జిల్లాల్లో వాళ్ళను కలావంతులు అన్నారు. 1947 మద్రాసు చట్టంతో దేవదాసీ పద్ధతి రద్దయింది. దురాచారం పోవడం మంచిదే. కానీ ఆ ఆడవాళ్ళ హునర్ మాత్రం వేరేవాళ్ళ స్టేజీలకు వెళ్ళింది, వాళ్ళ పేర్లు వెళ్ళలేదు. సింహం మిగిలింది, గీసిన పాదాలెవరివో చాలావరకు తెలియదు.

చుక్కల మనిషి

ఇక ఫిరంగీ దేశాల సంగతి. 1883 ప్రాంతంలో పారిస్‌లో ఎటియెన్ జూల్ మారే అనే శరీరశాస్త్రవేత్త ఒక మనిషికి నల్లటి దుస్తులు తొడిగి, కీళ్ళ దగ్గర మెరిసే బొత్తాలు, కాళ్ళూ చేతుల వెంట తెల్లటి పట్టీలు పెట్టి, నల్లటి గోడ ముందు నడిపించాడు. ఒకే ప్లేటు మీద వరుసగా ఫోటోలు తీశాడు. మనిషి మాయమై నడక మాత్రమే గీతలుగా మిగిలింది. ఇప్పటి సూట్లలో మెరిసే చిన్న బంతులు ఆ బొత్తాలకు మనవలే.

తర్వాత అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ రోటోస్కోప్ తయారుచేశాడు. ఫిల్ములో ఒక్కో బొమ్మ మీద కాగితం పెట్టి మనిషి కదలికను దిద్దుకోవడం. 1917లో పేటెంట్ వచ్చింది. 1932లో వాళ్ళ బెట్టీ బూప్ కార్టూన్ ఒకదానిలో దెయ్యం రూపంలో ఉన్న ఒక వాల్రస్ జంతువు జారుతూ డాన్స్ చేస్తుంది. ఆ అడుగులు నల్లజాతి గాయకుడు క్యాబ్ కాలోవేవి. 1937లో డిస్నీ 'స్నో వైట్' వచ్చింది. ఆ బొమ్మ ఎలా తిరగాలో, గౌను ఎలా పట్టుకోవాలో ఆడి చూపించిన టీనేజీ పిల్ల పేరు మార్జొరీ బెల్చర్. సినిమా టైటిల్స్‌లో ఆమె పేరు లేదు. దాదా ఖాతా పుస్తకం గుర్తొచ్చిందా? నాకు వచ్చింది.

1973లో స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ ఇంకో సంగతి చూపించాడు. చీకట్లో మనిషి కీళ్ళకు పది పన్నెండు చిన్న దీపాలు కట్టి నడిపిస్తే, చూసేవాళ్ళు క్షణంలో ఇది మనిషి నడక అనేశారు. దీపాలు కదలకుండా ఉంటే ఏమీ తెలియలేదు. కొన్నేళ్ళకు అమెరికాలో చేసిన పరీక్షల్లో అలాంటి చుక్కల్లో తమ దోస్తుల్ని కూడా చాలాసార్లు గుర్తుపట్టారు. అందుకే బేటీ, నువ్వు దాక్కోలేకపోయావు. ముఖానికి నఖాబ్ ఉంటుంది, నడకకు ఉండదు.

నాట్యంలోకి ఈ మిషన్లు వచ్చింది 1990లలో. మెర్స్ కన్నింగ్‌హామ్ అమెరికా నాట్యకారుడు. కీళ్ళనొప్పులతో ఒళ్ళు సహకరించనప్పుడు కంప్యూటర్లో బొమ్మల్ని కదిలించి అడుగులు కట్టాడు. 1999లో, తనకు 80 ఏళ్ళు నిండిన నెలలోనే, 'బైపెడ్' వేశాడు. పాల్ కైజర్, షెల్లీ ఎష్కర్ అనే ఇద్దరు నర్తకుల కదలికల్ని ముందుగానే పట్టి, చేత్తో గీసినట్టుండే పెద్ద పెద్ద ఆకారాలుగా మార్చారు. స్టేజీ ముందు పలచటి జాలీ తెర. దాని మీద ఈ నీడలు, దాని వెనక అసలు మనుషులు. చూసేవాళ్ళకు రెండూ కలిసే కనిపించాయి.

2004లో ఆస్ట్రియా కళాకారుడు క్లౌస్ ఓబర్‌మైయర్ 'అపారిషన్'లో ఇంకో అడుగు వేశాడు. వెనక తెర మీదే కాక మనిషి ఒంటి మీద కూడా బొమ్మ వేశాడు. నర్తకి కదిలితే బొమ్మ కూడా ఆమె అంచు దాటకుండా కదలాలి. ఇక్కడ చిక్కు ఏమిటంటే, ప్రొజెక్టర్ వేసే వెలుగునే కెమెరా చూస్తే దానికి మనిషెవరో బొమ్మేదో తెలియదు. అందుకని కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వెనక నుంచి వేసి, కెమెరాకు ఆ వెలుగే కనిపించేలా చేశారు. కెమెరాకు మనిషి నల్లటి సాయాగా కనిపిస్తుంది. ఆ సాయా ఆకారంలో ప్రొజెక్టర్ రంగు నింపుతుంది. అన్నీ క్షణంలో జరగాలి. సెకనులో పదో వంతు ఆలస్యమైనా బొమ్మ వెనకబడిందని కన్ను పసిగడుతుంది.

ఒంటి మీద వేరే రూపం వేయడం కూడా మనకు పాతదే. మొహర్రంలో పులివేషం చూసినవాళ్ళకు చెప్పాలా? గంటల తరబడి కదలకుండా నిలబడి ఒళ్ళంతా చారలు వేయించుకున్న కుర్రాడు, డప్పు మోగగానే పులి అవుతాడు. ఆ రంగు కడుక్కుంటే పోతుంది, ప్రొజెక్టర్ రంగు స్విచ్ ఆపితే పోతుంది.

2010 నవంబర్లో మైక్రోసాఫ్ట్ ఆటల కోసం కినెక్ట్ అనే కెమెరా అమ్మింది. లక్షలు పోసే స్టూడియో పని అప్పటి నుంచి కాలేజీ పిల్లల చేతికొచ్చింది. 2014లో రజనీకాంత్ 'విక్రమసింహ' తెలుగులో వచ్చినప్పుడు మోషన్ క్యాప్చర్ అనే మాట మన ఇళ్ళల్లోకీ వచ్చింది. ఇప్పుడు మా పిల్లకు ఆ కెమెరా కూడా అక్కర్లేదు, లాప్‌టాప్ కన్ను చాలు.

అక్రం ఖాన్ నెత్తి మీద ముఖం

మా పిల్లకు నేను చూపించిన వీడియో ఒకటుంది. లండన్‌లో బంగ్లాదేశీ కుటుంబంలో 1974లో పుట్టిన అక్రం ఖాన్ ది. కథక్ నేర్చుకున్నాడు. పీటర్ బ్రూక్ 'మహాభారత'లో కుర్రాడిగా ఉన్నప్పుడే ప్రపంచం తిరిగాడు. 2011లో 'దేశ్' చేశాడు. వేదిక మీద ఆయన ఒక్కడే. జాలీ తెర మీద తెల్లటి గీతలతో అడవి, ఏనుగు, మొసలి, పడవ. ఆయన గీతల చెట్టు ఎక్కుతాడు, గీతల నీటిలో వెళ్తాడు. ఆ నీళ్ళ దేశాన్ని చూస్తుంటే నాకు కొల్లేరే కనిపించింది. ఆ మరుసటి ఏడాది దానికి ఒలివియర్ అవార్డు వచ్చింది.

ఇది మోషన్ క్యాప్చర్ కాదు. అక్కడ బొమ్మ ముందే తయారై ఉంది, ఆయన దానికి సరిగ్గా సరిపోయేలా అడుగేయాలి. మా పిల్ల చేసేదానిలో బొమ్మ తన వెంట వస్తుంది. ఒకదానిలో మనిషి బొమ్మకు గులాం, ఇంకోదానిలో బొమ్మ మనిషికి గులాం. అబ్బా చూసిన బొమ్మలాయన ఈ రెండో రకం.

కానీ 'దేశ్'లో నాకు మిగిలిపోయింది ఏ ప్రొజెక్టరూ వేయని బొమ్మ. అక్రం ఖాన్ తన గుండు మీద కళ్ళూ నోరూ గీసుకుని తల వంచుతాడు. ఆ ముఖం తండ్రిది, ఊళ్ళో వంటవాడి ముఖం. కొడుకు ఒళ్ళు, తండ్రి ముఖం. మా పిల్ల భుజంలో మా అమ్మీ ఉన్నట్టే.

పేరు ఎవరిది?

ఇప్పుడు ఇది సరదా సంగతి మాత్రమే కాదు. ఒకసారి పట్టుకున్న కదలిక ఫైలుగా ఉంటుంది. దాన్ని ఎవరి బొమ్మకైనా తొడగొచ్చు, ఎన్నిసార్లయినా ఆడించొచ్చు. ఆడినవాళ్ళకు తెలియకుండానే. 2024 జూలైలో అమెరికాలో వీడియోగేమ్ కళాకారులు సమ్మెకు దిగారు. గొంతు ఇచ్చేవాళ్ళతో పాటు ఒంటి కదలికలు ఇచ్చేవాళ్ళకూ ఏఐ నుంచి రక్షణ కావాలన్నది వాళ్ళ డిమాండ్లలో ముఖ్యమైనది.

మన దేశంలో కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ 'ప్రదర్శకుడు' అనే మాట కింద నటుడిని, గాయకుడిని, నర్తకిని, గారడీవాణ్ణి, చివరికి పాములాడించేవాణ్ణి కూడా చేర్చింది. 2012 సవరణ ఇంకో హక్కు ఇచ్చింది. తన ప్రదర్శనకు తన పేరు చెప్పించుకునే హక్కు. ఈ సంగతి డాన్స్ చేసే పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలియాలి.

ఇదంతా మా పిల్లకు చెప్పాను. "పేరు వేయించుకో" అన్నాను. "వద్దు చిచ్చా. చుక్కలే ఆడనివ్వండి" అంది. మొదట బాధేసింది. తర్వాత అర్థమైంది. పేరు దాచుకోవడం వేరు, పేరు దోచుకోవడం వేరు. బొమ్మలాయన పేరును, ఆ కలావంతుల పేర్లను ఎవరూ అడగలేదు. ఈ పిల్లను అడిగాను, తను వద్దంది. పరదా తన చేతిలో ఉంటే అది పరదా. వేరేవాళ్ళ చేతిలో ఉంటే గోడ. అందుకని రెండే షర్తులు పెట్టాను. అసలు ఫైలు నీ దగ్గరే ఉంచుకో. కాలేజీకి ఇచ్చే కాపీ దేనికి వాడతారో కాగితం మీద రాయించుకో. సరేనంది, రాయించుకుంది కూడా.

భయ్యా సంగతి చెప్పలేదు కదా. ఆ రోజు సాయంత్రమే చాయ్ గ్లాసుతో మా వెనక నుంచి వెళ్తూ తెర వైపు చూసి ఆగిపోయాడు. కాసేపు చూశాడు. "ఇదేంటి, అమ్మీలా ఉంది" అన్నాడు. ఎవరని అడగలేదు. పిల్ల చెప్పలేదు, నేనూ చెప్పలేదు. "మళ్ళీ ఒకసారి పెట్టు" అని నిలబడే చూశాడు. చాయ్ చల్లారిపోయింది.

తర్వాత తండ్రీ కూతుళ్ళ మధ్య ఏం మాటలు జరిగాయో నాకు తెలియదు. ఫంక్షన్ రోజు భయ్యా వెళ్ళాడని, చివరి వరసలో కూర్చున్నాడని భాభీ ఫోన్లో చెప్పింది. ఈ వ్యాసం రాస్తానంటే పిల్ల ఒప్పుకుంది, పేరు మాత్రం వేయొద్దంది. వేయలేదు.

మీకో అర్జీ. కొల్లేరు చుట్టూ, గూడెం, ఏలూరు, కైకలూరు వైపు తోలుబొమ్మలాట ఆడినవాళ్ళ పేర్లు మీ ఇంటి పెద్దలకు గుర్తుంటే, వాళ్ళ ఇంటివాళ్ళను అడిగి నాకు రాయండి. గజ్జెలు కట్టుకుని ఆడిన ఆ ముసలాయన కావచ్చు, చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని సీత గొంతు పలికినామె కావచ్చు. దాదా ఖాతా పుస్తకంలో ఆ వరస పక్కన చోటు ఖాళీగా ఉంది.